పాత ఆకురాయితో వంటింటి కత్తి

పాత ఇనుప సామాను కొట్టులో తూకానికి దొరికే వాటిలో కత్తికి పనికొచ్చేవి తక్కువ. కిటికీ ఊచలు, యాంగిల్ ముక్కలు ఎంత కాల్చి ముంచినా కత్తికి కావలసినంత గట్టిపడవు, వాటిలో కార్బన్ చాలదు. లారీ కమాన్ పట్టీ మంచిదే. అందులో కార్బన్ సుమారు 0.6 శాతం ఉంటుంది, దెబ్బకు ఓర్చుకుంటుంది. ఊళ్లలో గొడ్డళ్లు, కొడవళ్లు దానితోనే చేస్తుంటారు. కానీ నాకు కావలసింది కూరగాయలు తరగడానికి పల్చటి కత్తి, పదును చాలా రోజులు నిలవాలి. అందుకే అరిగిపోయిన 10 అంగుళాల ఆకురాయి (ఇనుమును అరగదీసే ఫైల్) ఏరుకున్నాను. మంచి ఆకురాయిలో కార్బన్ ఒక శాతం వరకు, కొన్నిటిలో ఇంకా పైనే ఉంటుంది.

చవక రకాల్లో కొన్నింటికి పైపొర మాత్రమే గట్టిగా ఉంటుంది. అందుకని ముందే కొన వైస్‌లో బిగించి, గుడ్డ చుట్టి, కళ్లద్దాలు పెట్టుకుని సుత్తితో కొట్టాను. చటుక్కున విరిగింది. విరిగిన చోట అంచు నుంచి నడిమి దాకా ఒకే సన్నటి బూడిదరంగు. ఇక నమ్మొచ్చు అనిపించింది.

పళ్లన్నీ గ్రైండర్‌తో నున్నగా తీసేశాను. పళ్లు ఉండగా సాగగొడితే అవి మడతపడి లోపలికి పోతాయి, తర్వాత అక్కడే పగుళ్లు వస్తాయి. ఆ పట్టీని నిజామాబాద్ జిల్లాలోని మా అమ్మమ్మ ఊరికి తీసుకెళ్లాను, అక్కడ ఇంకా కొలిమి ఉంది. ఈ జిల్లా కోనసముద్రంలోనే ఒకప్పుడు మూసల్లో, అంటే లోహం కరిగించే మట్టి పాత్రల్లో, ఉక్కు చేసేవారు, పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. ఆ మాట కమ్మరి తాతతో అంటే, "మా తాతలు చెప్తుండె బిడ్డా" అని పట్టుకారు అందుకున్నాడు. ఆయన సుత్తి ఎక్కడ ఆనిస్తే అక్కడ నేను సమ్మెట వేశాను. దాగలి మీద పట్టీ పల్చబడి, వెడల్పయి, కత్తి ఆకారానికి వచ్చింది. తర్వాత మళ్లీ ఎర్రగా కాల్చి బూడిదలో పాతిపెట్టాం. అలా రాత్రంతా మెల్లగా చల్లారితే ఉక్కు మెత్తబడుతుంది, కొత్త ఆకురాయికి లొంగుతుంది. పిడి మేకులకు రంధ్రాలు కూడా అప్పుడే వేసుకోవాలి, గట్టిపడ్డాక డ్రిల్ బిట్ దిగదు. అంచు మాత్రం మిల్లీమీటరు మందం ఉంచేశాను. మరీ పల్చగా ఉంటే ముంచినప్పుడు వంకర పోతుంది, పగలొచ్చు కూడా.

అసలు టెన్షన్ నూనెలో ముంచే రోజే. నా దృష్టిలో కత్తంటే ఆ కొన్ని క్షణాలే, మిగిలిందంతా ఓపిక. ఉక్కు సుమారు 770 డిగ్రీల దగ్గర అయస్కాంతానికి అంటడం మానేస్తుంది, ముంచాల్సింది దానికి కొంచెం పైన. నేను అయస్కాంతం తెచ్చుకున్నాను. తాత దాన్ని చూసి ఏమీ అనలేదు, కొలిమి మీదికి గోనె పట్టా కట్టించాడు. "ఎండల రంగు తెల్వది. నీడల చూడు" అన్నాడు. కత్తిని నిప్పుల్లో ముందుకీ వెనక్కీ జరుపుతూ కొన నుంచి మడమ దాకా ఒకే రంగు రానిచ్చాడు. దానిమ్మ గింజలా ఎర్రబడగానే "ఇప్పుడు పెట్టు నీది" అన్నాడు. పెట్టాను, అంటలేదు. ఇంకొక్క ఊపు గాలి కొట్టి, గోరువెచ్చగా ఉంచిన వేరుశెనగ నూనెలో నిటారుగా దించాడు. నూనె మీద మంట లేచి ఆరింది. పక్కకు కదిపితే వంగుతుందని కిందికీ పైకీ మాత్రమే ఆడించాడు. చల్లారాక అంచు మీద కొత్త ఆకురాయి పెడితే ఉక్కును కోయకుండా జారిపోయింది. ఎంత సంతోషం వేసిందో!

ఆ స్థితిలో కత్తి కింద పడితే గాజుగ్లాసు గతే. అందుకే ఇంటికి రాగానే నూనె శుభ్రంగా కడిగి, ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర రెండేసి గంటలు రెండు విడతలు ఉంచాను. ఓవెన్ మీది అంకెను నమ్మక లోపల విడిగా థర్మామీటర్ పెట్టాను. తోమి మెరుగుపెట్టిన చోట లేత గోధుమరంగు తేలితే పెళుసు తగ్గినట్టు.

పిడికి అమ్మమ్మ దొడ్లో పడి ఉన్న ఎద్దుబండి చక్రం ఆకు తెచ్చాను. నల్లతుమ్మ కర్ర. పైన ఎండకు వానకు నెరిసిపోయింది గానీ, రంపం పెట్టగానే లోపల ఎర్రటి గోధుమరంగు చేవ బయటపడింది. బరువు మోసే చక్రానికి దీన్నే ఎందుకు వాడేవారో కోస్తుంటే తెలిసింది, రంపం వేడెక్కిపోతోంది గానీ కర్ర తొందరపడదు. రెండు బద్దలు తీసి ఎరాల్డైట్‌తో అతికించి, పాత వైరింగ్‌లోంచి తీసిన 8 గేజ్ రాగి తీగ ముక్కలు మేకులుగా దించాను. వాటి తలలు రెండు వైపులా చిన్న సుత్తితో మెల్లగా విప్పార్చాలి, బలంగా కొడితే కర్ర చీలుతుంది. పైన అవిసె నూనె పూశాను. ఆ నూనె గుడ్డను ఉండ చుట్టి పడేయకండి, దానంతట అదే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. నీళ్లలో తడిపి, విప్పి, బయట ఆరేయాలి.

చివరికి గ్రైండర్ జోలికి పోకుండా నీళ్ల రాయి మీదే సానపట్టాను, అంచు వేడెక్కితే ఓవెన్‌లో చేసిందంతా వృథా. ఇప్పుడు ఈ కత్తి బాగా పండిన టమాటాను కూడా నలపకుండా కోస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ కత్తి కాదు కాబట్టి నిమ్మకాయ, చింతపండు తగిలితే నల్లబడుతుంది. ఆ బూడిదనలుపు పొరకు భయం లేదు, ఎర్ర తుప్పే రాకూడదు. వాడగానే కడిగి తుడిచి, కొబ్బరినూనె చుక్క రాసి పెడుతున్నాను.