ఒక మర ఊడితే

"ఇదిగో, హాలీవుడ్ హీరో హారిసన్ ఫోర్డ్ నడిపిన విమానం పడింది ఇక్కడేరా" అంటూ కారు స్లో చేసి చూపించాడు మావాడు.

లాస్ ఏంజెలెస్‌లో ఇళ్ల మధ్య పెన్మార్ గోల్ఫ్ కోర్స్. ఎవరో తాపీగా బంతి కొట్టుకుంటున్నారు.

2015 మార్చి 5న జరిగింది. 1942 నాటి ర్యాన్ శిక్షణ విమానం, ఆయన పుట్టిన ఏడూ అదే! శాంటా మోనికాలో టేకాఫ్ అయిన కాసేపటికే ఇంజిన్ పవర్ పోయింది. వెనక్కి తిప్పాడు గానీ రన్‌వే అందలేదు. చెట్టు చివర తగిలి ఈ గడ్డి మీద పడ్డాడు.

ఇంటికొచ్చి ఎన్‌టీఎస్‌బీ (అమెరికాలో విమాన ప్రమాదాల్ని దర్యాప్తు చేసే సంస్థ) రిపోర్టు తీశాను. ఇంజిన్‌కి గాలీ ఇంధనం కలిపి పంపే కార్బ్యురేటర్‌లో, ఎంత ఇంధనం వెళ్లాలో కొలిచే మెయిన్ జెట్ అనే భాగం మర ఊడి, చోటు తప్పింది. ఇంధనం ఎక్కువైపోయి ఇంజిన్ చతికిలబడింది. ఆ జెట్‌ని అప్పుడప్పుడూ చూడమని మాన్యువల్‌లోనే లేదట. ఇక మెకానిక్‌ని ఏమని తిడతాం?

నాకు అసలు మింగుడుపడనిది భుజం బెల్టు సంగతి. పెట్టుకున్నాడు, పాపం. కానీ అది విమానంతో వచ్చింది కాదు, తర్వాతెప్పుడో బిగించారు. అదీ సీటు వెనక పలచటి అల్యూమినియం రేకుకి, ఏ దన్నూ లేకుండా. నేలకి గుద్దుకోగానే ఊడొచ్చింది. దెబ్బలు అంత గట్టిగా తగలడానికి అదీ ఒక కారణమని రాశారు. బెల్టు ఉందా అని చూస్తాం గానీ, అది దేనికి కట్టి ఉందో ఎవరు చూస్తారు?

ఆయన మాత్రం కోలుకుని మళ్లీ ఎగిరాడు. 2017లో ఆరెంజ్ కౌంటీలో రన్‌వే అనుకుని ట్యాక్సీవే (విమానాలు రన్‌వేకి నడిచి వెళ్లే దారి) మీద దింపాడు. అది ఇంకో కథ!