మైకు ముందుకి ఒక్కడే రాడు

2025 మార్చి 9, ఆదివారం. ఫ్రిస్కో, టెక్సస్.

రాత్రి గడియారాలు గంట ముందుకి జరిపేశారు. అసలే ఒక గంట నిద్ర పోయిందంటే, దుబాయ్‌లో ఇండియా, న్యూజిలాండ్ ఛాంపియన్స్ ట్రోఫీ క్రికెట్ ఫైనల్ మాకు తెల్లవారుజామున నాలుగింటికి మొదలు. మామయ్యగారు మూడున్నరకే లేచి, మమ్మల్ని లేపకూడదని హాల్లో లైటు కూడా వేసుకోకుండా, టీవీ సౌండ్ తగ్గించి కూర్చున్నారు. ఆ సౌండ్ తగ్గించడమెందుకో నాకర్థం కాదు. రోహిత్ సిక్సు కొట్టినప్పుడల్లా ఆయన వేసే కేక పైన పడుకున్న మాకే కాదు, పక్కింటివాళ్ళకీ వినబడుతుంది.

నేను కిందకి దిగేసరికి న్యూజిలాండ్ బ్యాటింగ్ అయిపోయింది, 251. పెసరట్లు వేస్తూ వంటింట్లోంచే చూశాను. రోహిత్ 76 చేసి అవుటయ్యాక కాస్త కంగారు పెట్టారు గానీ, చివరికి రాహుల్ నిలబడ్డాడు, జడేజా ఫోరు కొట్టాడు, కప్పు మనది. మన సిరాజ్‌ని తీసుకోలేదన్న కోపం మాత్రం మామయ్యగారికి కప్పు గెలిచాక కూడా తగ్గలేదు.

బహుమతులిచ్చేటప్పుడు ఇంకో గొడవ. రోహిత్‌కి మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్, బానే ఉంది. టోర్నమెంట్ మొత్తానికి ఇచ్చేది న్యూజిలాండ్ కుర్రాడు రచిన్ రవీంద్రకి ఇచ్చారు.

"ఓడినవాడికి ఇవ్వడమేంటమ్మా?" అన్నారు మామయ్యగారు.

"ఎక్కువ పరుగులు చేసింది అతనేగా మామయ్యగారూ."

"చేస్తే? కప్పు వాళ్ళకి రాలేదుగా!"

ఈ ప్రశ్న ఇంకో గంటలో మళ్ళీ మా హాల్లోకే వస్తుందని అప్పటికి తెలీదు. మనవైపు శ్రేయస్ అయ్యర్ టోర్నమెంట్ అంతా ఆడినా పెద్ద బహుమతేదీ రాలేదు. రోహిత్ మాత్రం మ్యాచ్ అయ్యాక అతన్ని గుర్తుపెట్టుకుని సైలెంట్ హీరో అన్నాడు. కెప్టెన్ నోటివెంట ఆ మాట వస్తే చాలు కదా అనిపించింది. చాలదేమో కూడా, ట్రోఫీ అయితే షోకేసులో పెట్టుకోవచ్చు.

పన్నెండు కాగానే చిన్నోడు రిమోట్ లాక్కున్నాడు. ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్, ఓక్లహోమా సిటీ జట్టు థండర్‌కీ డెన్వర్ నగ్గెట్స్‌కీ ఓక్లహోమా సిటీలోనే మ్యాచ్. వాడి భాషలో చెప్పాలంటే ఇది మ్యాచ్ కాదు, ఎంవీపీ ఎలక్షన్, అంటే ఈ ఏటి మేటి ఆటగాడెవరో తేల్చేది. ఒకవైపు థండర్ ఆటగాడు షే గిల్జస్ అలెగ్జాండర్, ఇంకోవైపు డెన్వర్ ఆటగాడు నికోలా యోకిచ్.

డల్లాస్ ఊళ్ళో ఉండి థండర్‌కి చప్పట్లేంటని ఎవరైనా అడగొచ్చు. మా ఇంట్లో ఈయన రోజూ అడుగుతున్నారు. నిరుడు మే నెలలో మా డల్లాస్ జట్టు మావ్స్ ఇదే థండర్‌ని ప్లేఆఫ్స్ సిరీస్ ఆరో మ్యాచ్‌లో ఒక్క పాయింట్ తేడాతో ఓడించి ఇంటికి పంపితే, ఈ సోఫా మీదే ఎగిరాం. ఆట ఇంకా రెండున్నర సెకన్లుందనగా మూడు పాయింట్ల షాట్ వేస్తున్న మావ్స్ ఆటగాడు పీజే వాషింగ్టన్ మీద ఫౌల్ చేసింది ఎవరనుకున్నారు, షేనే! కాలేజీలో ఇద్దరూ ఒకే జట్టు, కెంటకీ. ఫౌల్‌కి దొరికిన ఫ్రీ త్రోలు వేసి ఆ పాత స్నేహితుడే షే కొంప ముంచాడు. అప్పట్లో షే మాకు ఎదుటి జట్టువాడు, పేరు చెబితే మా చిన్నోడు పళ్ళు కొరికేవాడు.

తర్వాత ఫిబ్రవరి మొదటి శనివారం రాత్రి మావ్స్ వాళ్ళు తమ పెద్ద స్టార్ లూకా డాన్చిచ్‌ని లాస్ ఏంజిలిస్ జట్టుకి ఇచ్చేశారు. పొద్దున లేచి వార్త విన్న పిల్లాడి మొహం నేను మర్చిపోను. లూకా 77 నంబరు జెర్సీ మడిచి అలమరలో అడుగున పెట్టేశాడు. మొన్న సోమవారం మావ్స్‌లో మిగిలిన స్టార్ కైరీ ఇర్వింగ్ మోకాలు కూడా పోయింది. ఇంక ఈ ఏడు మావ్స్‌లో చూడ్డానికేముంది? అదే సోమవారం షే హ్యూస్టన్ మీద 51 పాయింట్లు వేశాడు. వీడు మెల్లిగా ఐ-35 పట్టుకుని ఉత్తరానికి మూడు గంటలు పోయినట్టే, మనసులో జట్టు మార్చేసుకున్నాడు. "గోడ దూకావురా" అంటారు ఈయన. "జట్టే నన్ను వదిలేసింది డాడీ" అంటాడు వాడు. నేను వాడి పక్షం.

మొన్న శుక్రవారం దాకా లెక్క తేలిగ్గానే ఉండేది. షే పాయింట్లలో లీగ్ మొత్తానికి మొదటివాడు, మ్యాచ్‌కి 33కి దగ్గర. జనవరిలో యూటా మీద 54. వాళ్ళ జట్టు లీగ్ వెస్ట్ విభాగంలో ఎవరికీ అందనంత దూరం పోయింది. పందెం రాయుళ్ళు కూడా అతని వైపే. అలాంటిది శుక్రవారం రాత్రి యోకిచ్ ఫీనిక్స్ మీద 31 పాయింట్లు, 21 రీబౌండ్లు (గురి తప్పిన బంతిని అందుకోవడం), 22 అసిస్టులు (బంతి అందించి వేరేవాళ్ళ చేత వేయించడం) చేసి కూర్చున్నాడు. లీగ్ చరిత్రలో 30, 20, 20 ఒకే మ్యాచ్‌లో దాటినవాడు అంతకు ముందు లేడు. పైగా ఇప్పటికే మూడు ఎంవీపీలున్న మనిషి. నిరుడు షేని రెండో స్థానంలోకి నెట్టింది కూడా ఇతనే. ఆ శుక్రవారం తర్వాత మళ్ళీ రెండు వర్గాలు తయారయ్యాయి.

ఇవాళ షే 40 వేశాడు. థండర్ 127, డెన్వర్ 103. అంతే, మా ఇంట్లో ఎన్నికల ఫలితాలు వచ్చేశాయని చిన్నోడి ప్రకటన.

షే ఆట గురించి ఒక మాట రాసుకోవాలి. చూడగానే వేగంగా అనిపించడు. బంతి కొట్టుకుంటూ నడిచినట్టే వస్తాడు, అంతలో ఒక భుజం ముందుకి వేస్తాడు, డిఫెండర్ అటు వెళ్ళగానే తను ఠక్కున ఆగిపోతాడు. డిఫెండర్ ఇంకా పోతూనే ఉంటాడు. ఆ ఖాళీలో పదిహేనడుగుల నుంచి మెత్తగా ఒక షాట్. అందరూ మూడు పాయింట్ల గీత బయట నిలబడి వేసే ఈ రోజుల్లో, పాతకాలం వాళ్ళలా మధ్యలోనుంచి వేసి బతికేస్తున్నాడు. వాళ్ళమ్మ చార్మేన్ 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో ఆంటిగ్వా తరఫున 400 మీటర్లు పరిగెత్తింది. పరిగెత్తే అమ్మ కడుపున ఆగడం తెలిసినవాడు పుట్టాడు.

ఫౌళ్ళ కోసం పడిపోతాడని ఈయన ఫిర్యాదు. అది ఈయనొక్కరిదే కాదు, సగం దేశానిది. నిజం చెప్పాలంటే కొన్నిసార్లు నాకూ అలాగే అనిపిస్తుంది. చిన్నోడి ముందు ఒప్పుకోను.

కానీ నాకు షే నచ్చడం మొదలైంది ఆట వల్ల కాదు, ఆట అయ్యాక. థండర్ వాళ్ళకో అలవాటుంది. గెలిచాక టీవీవాళ్ళు ఒకణ్ణి పిలిచి మైకు పెడితే, ఆ ఒక్కడితో పాటు జట్టంతా వచ్చేస్తుంది. లూ డోర్ట్, జేలెన్ విలియమ్స్, ఎత్తుగా వెనక చెట్ హోమ్‌గ్రెన్, ఎప్పుడో తప్ప ఆడని కుర్రాళ్ళతో సహా. పెళ్ళి ఫొటోలో బంధువుల్లా భుజాల మీంచి తలలు పెట్టుకుని నిలబడతారు. ఒకడు ఇంకొకడి భుజం మీద తువ్వాలు కప్పుతాడు, మధ్యలో ఎవడో కుక్కలా మొరుగుతాడు, మిగతావాళ్ళూ అందుకుంటారు. 50 పాయింట్లు వేసినవాడు మధ్యలో నిలబడి, ప్రశ్న తన గురించి అడిగితే జవాబు పక్కవాడి గురించి చెబుతాడు.

ఈయన దీన్ని నమ్మరు. "ఎంవీపీకి ఓట్లేసేది విలేకర్లు. వాళ్ళ ముందు మంచివాడిగా కనబడాలిగా" అంటారు. నిజమే, ఓట్లు వాళ్ళవే. వందమంది విలేకర్లు, వ్యాఖ్యాతలు ఒక్కొక్కరు ఐదు పేర్లు రాస్తారు, మొదటి పేరుకి 10, తర్వాత 7, 5, 3, 1. 1980 దాకా ఆటగాళ్ళే ఓటేసేవాళ్ళట. ఇప్పుడైతే కనీసం 65 మ్యాచ్‌లు ఆడితేనే పేరు లెక్కలోకొస్తుంది.

అయినా ఈయన లెక్క నాకు తిరగేసినట్టు అనిపిస్తుంది. ఒంటరిగా మెరిసేవాడికే కదా ఓటు గుర్తుండేది? పక్కన జేలెన్ విలియమ్స్ లాంటివాడు కూడా ఆల్‌స్టార్ అయిపోతే, "ఇంత మంచి జట్టుంటే ఎవడైనా గెలుస్తాడు" అనే మాట వస్తుంది. వస్తూనే ఉంది కూడా. యోకిచ్ తరఫువాళ్ళ మొదటి వాదన అదే: ఆయన్ని తీసేస్తే డెన్వర్ ఏమవుతుందో చూడండి అని. అంటే షే జట్టువాళ్ళని మైకు ముందుకి లాక్కొచ్చిన ప్రతిసారీ ఎదుటివాళ్ళ వాదనకి సాక్షుల్ని తనే పిలుస్తున్నాడు. ఓట్ల కోసం ఎవరైనా ఆ పని చేస్తారా?

అతనికి ఈ జట్టు తయారుగా దొరకలేదన్నది కూడా చూడాలి. 2019లో లాస్ ఏంజిలిస్ క్లిప్పర్స్ వాళ్ళు స్టార్ ఆటగాడు పాల్ జార్జ్ కోసం ఇతన్నీ, గల్లినారి అనే ఇంకో ఆటగాణ్ణీ, కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్ హక్కుల్ని బోలెడన్నీ కలిపి ఓక్లహోమాకి పంపారు. మొదటి ఏడు బానే ఆడినా, ఆ తర్వాత రెండేళ్ళు ఓటములే ఓటములు. 2021 డిసెంబరులో ఒక రాత్రి మెంఫిస్ చేతిలో 73 పాయింట్ల తేడాతో ఓడారు, లీగ్ చరిత్రలో అంత ఘోరమైన ఓటమి ఇంకోటి లేదు. ఆ రోజు షే దెబ్బ తగిలి ఆడలేదు. కానీ డోర్ట్ ఆ రోజుల నుంచీ ఉన్నాడు, డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోని మనిషి. జేలెన్ అయితే, షేతో పాటు ఆ బేరంలో వచ్చిన హక్కుల్లో ఒకదానితో తీసుకున్నవాడే. అప్పుడు తోడున్నవాళ్ళు ఇప్పుడు ఫొటోలో ఉండటంలో నటన ఏముంది?

ఇదంతా తెలుగులో మామయ్యగారికి చెబుతుంటే ఆయన కాసేపు విని, టీవీ వైపు వేలు చూపించారు. "ఆ గడ్డం పొడుగాయన అక్కడ గోడలా నిలబడ్డాడు చూడు, అతనికేం రాదా?"

థండర్ ఆటగాడు హార్టెన్‌స్టైన్ గురించి ఆ మాట. షే వెనకాల వచ్చే డిఫెండర్‌కి అడ్డంగా నిలబడటమే సగం ఉద్యోగం. డిఫెండర్ వచ్చి ఆ ఛాతీకి గుద్దుకుంటాడు, షే అటు నుంచి జారిపోతాడు. స్కోరులో పాయింట్లు షేవి, గుద్దు హార్టెన్‌స్టైన్‌ది.

"పాపం, లిఫ్టర్ లాంటివాడన్నమాట" అన్నారు మామయ్యగారు.

అప్పుడు బయటపడింది. బ్యాంకులో చేరకముందు ఆయన వాలీబాల్ ఆడేవారని తెలుసు, స్మాషర్ కొట్టడానికి బంతి లేపి ఇచ్చే లిఫ్టర్ అని తెలీదు. చేతులు రెండూ నుదుటి ముందుకి తెచ్చి, పదివేళ్ళూ విప్పి చూపించారు. బంతి అరచేతికి తగలకూడదట, వేళ్ళ కొసల్లోనే ఆగి లేవాలట. వాళ్ళ స్మాషర్‌కి నెట్‌కి మూరెడు దూరంలో, కాస్త వెనకగా లేపితే ఇష్టం, ఇంకొకడికి నెట్‌కి అతుక్కుని ఉండాలి. ఎవరికెలా కావాలో వేళ్ళకే తెలిసేది అన్నారు. సంక్రాంతి పోటీల్లో స్మాషర్‌ని భుజాల మీద ఎత్తుకుని ఊరంతా తిప్పేవాళ్ళట.

"మరి మిమ్మల్ని?" అన్నాడు చిన్నోడు.

"నేను మోసేవాళ్ళలో ఉండేవాణ్ణిరా. వాడు బరువు కూడా."

వేలి కణుపు ఒకటి ఇప్పటికీ వంకరగానే ఉంది. నేను ఇన్నేళ్ళూ అది వయసు వల్ల అనుకున్నాను. చిన్నోడు ఆ వేలు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత వంటింట్లోంచి బత్తాయి తెచ్చి, ఇద్దరూ దాన్ని వేళ్ళ కొసలతో సీలింగ్ వైపు లేపడం మొదలుపెట్టారు. ఫ్యానుకి తగిలింది. నేనేమీ అనలేదు.

సాయంత్రం ఇండియన్ స్టోర్‌కి వెళ్ళాను, కరివేపాకు కట్ట ధర చూసి పెట్టేశాను, మళ్ళీ తీసుకున్నాను. బిల్లింగ్ దగ్గర అబ్బాయి నీలం జెర్సీలో ఉన్నాడు. టీమిండియాది.

రాత్రి భోజనాల దగ్గర ఓటింగ్ పెట్టాం. రేపు ఇవే రెండు జట్లు అదే ఓక్లహోమాలో మళ్ళీ ఆడుతున్నాయి కాబట్టి, ఈ లోపే ఎవరి ఓటు ఎవరికో కాగితం మీద రాసేయాలని చిన్నోడి షరతు. వాడిది షే, అడగక్కర్లేదు. ఈయన పంతానికి యోకిచ్ అని రాశారు. నేను షేకే వేశాను, కానీ యోకిచ్ శుక్రవారం చేసింది తల్చుకుంటే పెన్ను కాస్త తడబడింది.

మామయ్యగారు షే అంటారనుకున్నాం. పొద్దున ఓడినవాడికి బహుమానమేంటని అరిచిన మనిషి కదా. కాగితం విప్పితే యోకిచ్.

"అదేంటి తాతయ్యా! వాళ్ళు ఇవాళ ఓడిపోయారు!"

"మొన్న 22 సార్లు వేరేవాళ్ళ చేత వేయించాడన్నావుగా. అంత పొడుగు మనిషి, తనే వేసుకోవచ్చు, అయినా లేపి ఇచ్చాడు. నా ఓటు లిఫ్టర్‌కే."

రెండూ రెండు. రేపటి మ్యాచ్‌తో టై విప్పుతారట. ఓడిన పక్షం వారం రోజులు అంట్లు తోమాలి. ఈయనకీ మామయ్యగారికీ డిష్‌వాషర్‌లో గిన్నెలు ఎలా పేర్చాలో కూడా తెలీదు, అందుకే షే గెలవాలని నా కోరిక ఇంకాస్త గట్టిపడింది.