అనాటమీ డైరెక్షన్స్, రీజియన్స్‌లో నేను మార్కులు పోగొట్టుకున్న తీరు

హాయ్ ఫ్రెండ్స్, ఫస్ట్ ఇయర్ అనాటమీ మొదలుపెట్టినవాళ్ళ కోసం రాస్తున్నా. మొదటి చాప్టరే కదా, నాలుగు జంట పదాలే కదా అని ఒక్క రాత్రిలో బట్టీ కొట్టేశా, యాంటీరియర్ అంటే ముందు, పోస్టీరియర్ అంటే వెనక, సుపీరియర్ పైన, ఇన్ఫీరియర్ కింద, అయిపోయింది అనుకున్నా. మాక్ టెస్ట్‌లో ఒక ప్రశ్న వచ్చింది, పేషెంట్ సుపైన్‌లో ఉన్నాడు, వెన్నెముకతో పోలిస్తే గుండె ఎటు ఉంది అని. సుపైన్ అంటే వెల్లకిలా పడుకోవడం, అప్పుడు గుండె వెన్నెముక పైనే ఉంటుంది కదా అని సుపీరియర్ పెట్టేశా. ఆన్సర్ యాంటీరియర్.

అప్పుడు గానీ అర్థం కాలేదు నాకు, అసలు నేను చదవకుండా వదిలేసింది అనాటమికల్ పొజిషన్ అని. ఆ ఒక్క పేరాని అందరం స్కిప్ చేస్తాం. మనిషి నిటారుగా నిలబడి, చూపు ముందుకి, పాదాలు ముందుకి, చేతులు పక్కన వేలాడుతూ, అరచేతులు ముందుకి తిరిగి ఉండాలి. బాడీ పడుకోనీ, బోర్లా తిరగనీ, తలకిందులవనీ, పేర్లు మాత్రం ఈ నిలబడ్డ మనిషి లెక్కలోనే. బొటనవేలు లాటరల్ (బాడీ నడిమి గీతకి దూరంగా), చిటికెనవేలు మీడియల్ (ఆ గీతకి దగ్గరగా) అనేది కూడా ఇక్కడి నుంచే వస్తుంది. టేబుల్ మీద అరచేయి బోర్లా పెట్టి చూసుకుంటే బొటనవేలు లోపలికి ఉంటుంది, దాన్ని చూసి మీడియల్ అని రాసేస్తారు (నేనూ రాశా, రెండుసార్లు). కుడి ఎడమ కూడా అంతే, బొమ్మలో ఉన్న మనిషి కుడి, మనది కాదు.

ఇంకోటి, ఇవన్నీ పోలిక పదాలు. కన్ను లాటరలా మీడియలా అని అడిగితే ఆన్సర్ లేదు, ముక్కుకి లాటరల్, చెవికి మీడియల్. ప్రాక్సిమల్, డిస్టల్ దగ్గర నాకు పనికొచ్చింది మన మొదలు, కొస. కొమ్మకి మొదలు మాను దగ్గర ఉన్నట్టే చేతికి మొదలు భుజం, అందుకే మోచేయి మణికట్టుకి ప్రాక్సిమల్, భుజానికి డిస్టల్.

ప్లేన్స్, అంటే బాడీని కోసినట్టు ఊహించుకునే తలాలు, పెద్ద గొడవేం కాదు. నడినెత్తిన తీసే పాపిడి వెంట కోస్తే మిడ్ సజైటల్, చెవి నుంచి చెవికి పెట్టే హెయిర్ బ్యాండ్ వెంట కోస్తే కరోనల్, బెల్ట్ వెంట అయితే ట్రాన్స్‌వర్స్.

రీజియన్స్‌లో మాత్రం మన తెలుగే దెబ్బ కొట్టింది. మనకి కాలు అంటే తొడ నుంచి పాదం దాకా మొత్తం కాలే, చెయ్యి అన్నా అంతే. వైవాలో లెగ్ చూపించమంటే తొడ మీద చెయ్యి వేశా, మేడమ్ ఏం అనలేదు, నవ్వి అదే ప్రశ్న మళ్ళీ అడిగారు, నేను మళ్ళీ తొడే చూపించా! అనాటమీలో లెగ్ అంటే మోకాలి నుంచి చీలమండ వరకే, పైనది థై. ఆర్మ్ అంటే భుజం నుంచి మోచేయి దాకా, అంటే మన జబ్బ, ఆ కింద ముంజేయి ఫోర్ఆర్మ్. పిక్క, చంక, గజ్జ లాంటివాటికి మనకి పేర్లున్నాయి కాబట్టి సూరల్, యాక్సిలరీ, ఇంగ్వైనల్ అని పక్కన రాసుకుంటే చాలు.

పొట్ట తొమ్మిది గళ్ళు మాత్రం పేపర్ మీద కాదు, సొంత పొట్ట మీద వేలితో గీసుకుంటూ నేర్చుకున్నా. మధ్య వరుసలో పై నుంచి ఎపిగాస్ట్రిక్, అంబిలికల్, హైపోగాస్ట్రిక్, పక్కన రెండు వైపులా హైపోకాండ్రియాక్, లంబార్, ఇలియాక్. హైపో అంటే కింద, కాండ్రో అంటే మృదులాస్థి, పక్కటెముకల మృదులాస్థి కింద ఉన్న గడి అన్నమాట, అది తెలిశాక ఆ పేరు మళ్ళీ మర్చిపోలేదు. లివర్ ఎక్కువ భాగం కుడి హైపోకాండ్రియంలో, అపెండిక్స్ సాధారణంగా కుడి ఇలియాక్‌లో. ఫైనల్‌లో అపెండిక్స్ ప్రశ్నే వచ్చింది, హాల్లో కూర్చుని పొట్ట తడుముకుంటుంటే ఇన్విజిలేటర్ వచ్చి బాత్రూమ్‌కి వెళ్ళాలా అని అడిగారు.