59 రోజులు ఆగి తెచ్చుకున్న పిక్క

మొన్న ఆదివారం మా ఇంటికి కుక్కపిల్ల వచ్చింది. పేరు పిక్క. అచ్చం జీడిపిక్క రంగు, ముట్టె నలుపు, ఎడమ ముందు కాలి వేళ్ళు మాత్రం సున్నంలో ముంచి తీసినట్టు తెల్లగా ఉంటాయి. ఇది రాస్తుంటే నా చెప్పు మీద గడ్డం ఆనించి పడుకుంది. ఫొటో చూసినవాళ్ళంతా ఏ బ్రీడ్, ఎంతకి కొన్నారు అని అడుగుతున్నారు. నాటు కుక్క. డబ్బులేమీ ఇవ్వలేదు, పిల్లనిచ్చిన మా పిన్నికి ఒక పొందూరు చీర పెట్టాను, అంతే. కానీ ఈ పిల్లని ఎలా ఎంచుకున్నామో మాత్రం వివరంగా రాయాలనిపించింది, ఎందుకంటే మొదటిసారి తప్పు చేశాను, ఆ తప్పుకి ఒక ప్రాణం పోయింది.

రెండేళ్ళ కిందట, మా పాప మూడో తరగతిలో ఉన్నప్పుడు, ఒకతని దగ్గర ల్యాబ్రడార్ పిల్లని కొన్నాం. 30 రోజుల పిల్ల అన్నాడు. వీడియో కాల్‌లో ఐదు పిల్లల్ని చూపించాడు, అన్నిటికన్నా బొద్దుగా ఉన్నదాన్ని మేం చూపించాం, మర్నాడు అట్టపెట్టెలో పెట్టి ఇచ్చేశాడు. తల్లి ఎక్కడుందని నేను అడగనేలేదు. బన్ను అని పేరు పెట్టుకున్నాం. ఏడో రోజు అన్నం ముట్టలేదు, రాత్రికి వాంతులు, తెల్లారేసరికి నెత్తుటి విరేచనాలు. ఆ వాసన ఒకసారి పీల్చినవాళ్ళు జన్మలో మర్చిపోరు. పార్వో, కుక్కపిల్లల పేగుల్ని దెబ్బతీసే వైరస్ జబ్బు. రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. మూడో రోజు పొద్దున్న మా ఆయన ఒళ్ళోనే పోయింది. మేం మురిసిపోయిన ఆ బొద్దు పొట్ట బలం కాదట, పొట్ట నిండా పురుగులట.

మాకు వైద్యం చేసిన డాక్టరమ్మ గరివిడి వెటర్నరీ కాలేజీలో చదువుకున్న అమ్మాయి, చాలా ఓపికగా చెప్పింది. పుట్టిన మొదటి రోజు తాగే ముర్రుపాలతో తల్లి నుంచి పిల్లకి రక్షణ వస్తుంది. కొన్ని వారాలకి అది తగ్గిపోతుంది. అది ఉన్నంతకాలం టీకా వేసినా సరిగ్గా పట్టదు, అది తగ్గేసరికి టీకా పడకపోతే పిల్లకి ఏ అడ్డూ ఉండదు. ఏ పిల్లకి ఎప్పుడు తగ్గుతుందో పైకి చూసి చెప్పలేం కాబట్టే 6 నుంచి 8 వారాల మధ్య మొదలుపెట్టి 16 వారాలు వచ్చేదాకా మూడు నాలుగు వారాలకొకసారి మళ్ళీ మళ్ళీ వేస్తారు. సరిగ్గా ఆ గండం గడవాల్సిన రోజుల్లో మనం పిల్లని తల్లి దగ్గర్నుంచి లాగేసి, పెట్టెలో కుక్కి, ఊరు మార్చి, తిండి మార్చి, చుట్టాలందరి చేతులూ మార్పిస్తాం. పైగా 2017లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లని అమ్మనేకూడదు. నాకు ఆ సంగతే తెలీదు.

ఇంకొకటి కూడా చెప్పింది, వెంటనే మరో పిల్లని తేవొద్దని. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది, మామూలు ఫినాయిల్‌కి చావదు, ముప్పై వంతుల నీళ్ళకి ఒక వంతు బ్లీచింగ్ ద్రావణం కలిపి కడగాలి. మా పెరటి మట్టిని కడగలేం కదా. అందుకని ఏడాదిన్నర పైనే ఆగాం. పాప రోజూ అడిగేది. ఆగాం.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, సోంపేట అవతల, మా చిన్నాన్నకి కొబ్బరితోట ఉంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను ఆ తోటల్ని నేలమట్టం చేసినప్పుడు, ఎక్కడిదో ఒక ఆడ కుక్కపిల్ల తడిసి ముద్దై వాళ్ళ పశువుల శాలలో చేరింది. దాని కూతురే ఇప్పటి గోధుమ. చిత్తకార్తె మొదలైన రెండు నెలలకి, డిసెంబరు 12న, గోధుమ ఈనిందని పిన్ని ఫోన్ చేసింది. ఆరు పిల్లలు. నాలుగు ఆడవి, రెండు మగవి. ఆ పూటే క్యాలెండర్‌లో గీత గీసుకుని ఎనిమిది వారాలు లెక్కపెట్టుకున్నాను. చిన్నాన్నకి చెప్పి రెండో వారం నుంచి పదిహేను రోజులకోసారి పురుగుల మందు పట్టించాను, పిల్లలకే కాదు, గోధుమకి కూడా.

సంక్రాంతికి వెళ్ళేసరికి పిల్లలకి నెల దాటింది. ఇంట్లో అందరిదీ ఒకటే మాట, ఎలాగూ వచ్చావు కదా పట్టుకెళ్ళిపో అని. "ఏటే అమ్మీ, మళ్ళీ దీనికోసం ఇంత దూరం వస్తావేటి, పాలు పడతావు కదా, బతికేస్తాది" అంది పిన్ని. నేను ఒప్పుకోలేదు. ఈ రోజుల్లో అవి ఒకదానితో ఒకటి ఏం చేస్తున్నాయో కాసేపు కూర్చుని చూస్తే ఎవరైనా ఒప్పుకుంటారు. ఒకటి ఇంకోదాని చెవి గట్టిగా కొరికితే అది కుయ్యిమని అరిచి ఆట మానేసి వెళ్ళిపోతుంది. కొరికినది ఒక్కతే మిగులుతుంది. కాసేపటికి మళ్ళీ వెళ్ళి ఈసారి మెల్లగా పడుతుంది. పంటి పట్టు ఎంతవరకో ఆ చదువు వాటికి అక్కడే వస్తుంది, మనం చెప్పలేం. ముందే తెచ్చేసుకుని, తర్వాత పిల్లల చేతులు కొరుకుతోందని దాన్ని కొట్టేవాళ్ళని చాలామందిని చూశాను.

చిన్నాన్నకి కుక్కపిల్లని చూసే పద్ధతి ఒకటుంది, వాళ్ళ నాన్న నేర్పింది. భోగి మంట దగ్గర అందరం ఉండగా టార్చి తెచ్చి, ఒక్కొక్కదాన్ని ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టుకుని గోళ్ళు లెక్కపెట్టాడు. ముందు కాళ్ళకి ఐదేసి, వెనక కాళ్ళకి నాలుగేసి, మొత్తం పద్దెనిమిది. ఒక ఆడపిల్లకి మాత్రం వెనక కాళ్ళకి లోపలి వైపు చిన్న బొటనవేలు వేలాడుతూ ఉంది, అలా ఇరవై. "ఇదే తల్లీ, ఇరవై గోళ్ళ కుక్క ఉన్న ఇంటికి దొంగ రాడు" అన్నాడు. మా వైపు ఈ నమ్మకం చాలా గట్టిది, ఇరవై గోళ్ళుంటే అడిగి మరీ తీసుకుంటారు. నేను ఆ వేలిని పట్టుకుని చూశాను. ఎముక తగల్లేదు, చర్మానికి అంటుకుని మెత్తగా అటూ ఇటూ ఊగుతోంది. అది తల్లిదండ్రుల నుంచి వచ్చే లక్షణమే గానీ ధైర్యానికి దానికీ సంబంధం లేదు. నేల తగలదు కాబట్టి ఆ గోరు అరగదు, వంకర తిరిగి పెరుగుతుంది, ముళ్ళకంపకి తగిలితే చీరుకుపోతుంది. అలాంటి పిల్లని తీసుకుంటే ఆ గోళ్ళు మర్చిపోకుండా కత్తిరించండి, అంతే. చెవి పట్టుకుని పైకి లేపితే అరవకూడదని ఇంకో పరీక్ష ఉంది. అది మాత్రం చెయ్యనివ్వలేదు, చిన్నాన్న చెయ్యి పట్టుకుని బతిమాలాను. భయంతో బిగుసుకుపోయిన పిల్ల కూడా నోరెత్తదు. దాన్ని రోషం అనుకుంటాం.

ఇంటర్నెట్‌లో కూడా పరీక్షలున్నాయి, 49వ రోజున పిల్లని వెల్లకిలా పడుకోబెట్టి ఎంతసేపు గింజుకుంటుందో చూడమని, అలాంటివి. ఒక్క రోజు చూసిన చూపుతో పెద్దయ్యాక దాని గుణం ఎలా ఉంటుందో పెద్దగా చెప్పలేమని పరిశోధనలు చేసినవాళ్ళు చూపించారు. ఆ మాట ఎంత నిజమో ఆ నాలుగు రోజుల్లో నా కళ్ళతో చూశాను. మొదటి రోజు మధ్యాహ్నం మేం శాలలోకి వెళ్ళగానే పరిగెత్తుకొచ్చి పాప కాళ్ళకి చుట్టుకున్నది తెల్ల మచ్చల పిల్ల. పాప దాన్నే అంది, ఇక ఖాయం అనుకున్నాం. సాయంత్రం వెళ్తే అదే పిల్ల ఒక మూల నిద్ర, వేరేది పరిగెత్తుకొచ్చింది. మర్నాడు పొద్దున్న పాలు తాగాక వెళ్తే ఏదీ రాలేదు. ముందొచ్చినది ధైర్యవంతురాలు కాదు, ఆకలి మీదున్నది. భోగి నుంచి ముక్కనుమ దాకా పూటకోసారి వెళ్ళి కూర్చున్నాం కాబట్టి తెలిసింది గానీ, ఒక్కసారే వెళ్ళి ఉంటే ఏదనుకునేవాళ్ళమో అదే నిజమనుకునేవాళ్ళం.

కనుమ రోజు ఒక సంగతి జరిగింది. పిన్ని నూతి గట్టు మీద పెట్టిన ఇత్తడి బిందె దొర్లి రాళ్ళ మీద పడింది. ఆ చప్పుడికి మేమే ఉలిక్కిపడ్డాం. ఆరు పిల్లలూ చెదిరిపోయాయి, కుడితి గోలెం వెనక్కి కొన్ని, కొబ్బరిమట్టల కిందకి కొన్ని. నేను కదలకుండా చూస్తూ ఉన్నాను. కాసేపటికి జీడిపిక్క రంగుది మట్టల కింద నుంచి ముక్కు బయటపెట్టింది. ఒళ్ళంతా వెనక్కి లాగుతోంది, మెడ మాత్రం ముందుకి సాగుతోంది. రెండడుగులు వేసింది, ఆగింది, మళ్ళీ రెండు. బిందె దగ్గరికి వచ్చి అంచు వాసన చూసి, ఒలికిన నీళ్ళు నాకింది. తర్వాత తిరిగి నా వైపు చూసింది. తెల్ల మచ్చలది ఆ పూటంతా గోలెం వెనక నుంచి రాలేదు. భయపడని పిల్ల కోసం వెతకడం దండగ, భయపడని పిల్ల ఉండదు. భయం నుంచి ఎంతసేపట్లో తేరుకుంటుందన్నది చూడాలి, అందులోనూ టౌన్‌లో, ఆటోల హారన్లూ ఊరేగింపుల బాంబులూ ఉన్న వీధిలో బతకాల్సిన పిల్లకి.

అయినా వీటన్నిటికన్నా నాకు ఎక్కువ చెప్పింది గోధుమే. మేం వెళ్ళిన మొదటి క్షణంలో లేచి నిలబడి రెండుసార్లు మొరిగింది. చిన్నాన్న "మనోళ్ళేనే" అనగానే వచ్చి నా అరచెయ్యి వాసన చూసి, పిల్లల పక్కన పడుకుంది, కళ్ళు మాత్రం మా మీదే. నేను పిల్లని ఎత్తుకుంటే లేచి వచ్చి పక్కన నిలబడింది, దించగానే దాన్ని నాకి మళ్ళీ పడుకుంది. మూలకి పోయి దాక్కోలేదు, మీదకి రాలేదు. పిల్లలకి గుణం సగం నెత్తుట్లో వస్తే సగం తల్లిని చూసి వస్తుంది. కొత్తవాళ్ళని చూస్తే వణికిపోయే తల్లి, లేదా కోరలు చూపించే తల్లి కడుపున పుట్టిన పిల్ల ఎంత ముద్దుగా ఉన్నా నేను తీసుకోను. తల్లిని చూపించనివాళ్ళ దగ్గర అసలు తీసుకోను.

ఆరోగ్యం మాట తొందరగా చెప్పేస్తాను. చిగుళ్ళు గులాబీ రంగులో ఉండాలి, వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటు రెండు సెకన్లలో మళ్ళీ ఎర్రబడాలి. పాలిపోయి ఉంటే గోమార్లో పురుగులో నెత్తురు తాగేస్తున్నాయని. చెవిలో కుళ్ళు వాసన, కళ్ళలో పుసి, తోక కింద అంటుకున్న విరేచనం ఉండకూడదు. బొడ్డు దగ్గర మెత్తటి ఉబ్బు ఉంటే డాక్టరుకి చూపించాలి. పొట్ట తినగానే ఉబ్బడం వేరు, ఎప్పుడూ కుండలా ఉండడం వేరు. ఆ తేడా బన్నుతో నేర్చుకున్నాను.

ఇక ఆడా మగా సంగతి. మగపిల్లలు రెండింటినీ పుట్టిన వారంలోనే ఊళ్ళోవాళ్ళు చెప్పేసుకున్నారు. ఆడవాటిని ఎవరూ అడగలేదు. "ఆడది ఎందుకే, చిత్తకార్తె వచ్చిందంటే ఇంటి ముందు పది కుక్కలు చేరతాయి" అని అందరూ అన్నారు. అడగని ఆడపిల్లల్ని గోనెసంచిలో వేసుకెళ్ళి హైవే పక్కన వదిలేసి వస్తారు, చిన్నప్పుడు మా వీధిలోనే చూశాను, ఆ సంచి కదలడం ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. ఆపరేషన్ చేయిస్తే ఎదకి రావడం అనే సమస్యే ఉండదు, మొదటి ఎదకి ముందే చేయిస్తే తర్వాత రొమ్ము గడ్డలు వచ్చే అవకాశం కూడా బాగా తగ్గుతుందని డాక్టరమ్మ చెప్పింది. కాబట్టి మేం ఆడపిల్లనే తీసుకున్నాం. చిన్నాన్న దగ్గర ఒక మాట కూడా తీసుకున్నాను, పిల్లలు పాలు మానాక గోధుమకి ఆపరేషన్ చేయించాలని, ఖర్చు నాదని. మొదట మొహమాటపడ్డాడు, "పాపం తగుల్తాదేమో" అన్నాడు. ఆ గోనెసంచి కథ చెప్పాక ఇంకేమీ అనలేదు.

రథసప్తమికి అరసవల్లి జనం సద్దుమణిగాక ఆ ఆదివారం వెళ్ళి పిక్కని తెచ్చుకున్నాం. 59వ రోజు. మొదటి టీకా అప్పటికే సోంపేటలో వేయించాం. సంక్రాంతికి వచ్చేటప్పుడే ఒక పాత తువ్వాలు ఇచ్చి గోధుమ పడుకునే చోట పరిచి ఉంచమన్నాను, దారి పొడుగునా పిక్క ఆ తువ్వాల్లోనే ముక్కు పెట్టుకుని ఉంది. టెక్కలి దగ్గర టీకి ఆగినప్పుడు పాప దాన్ని కిందకి దించబోయింది. వద్దన్నాను. టీకాలన్నీ పూర్తయ్యేదాకా పది ఊళ్ళ కుక్కలు తిరిగే నేల మీద దాని కాలు పెట్టనివ్వం. ఇంటికి ఎవరు వచ్చినా ఎత్తుకోనిస్తున్నాం, మిక్సీ చప్పుడు, కుక్కర్ విజిల్ అన్నీ వినిపిస్తున్నాం. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా. జూలై 6న పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు కదా అని చాలామంది ఆ రోజు కోసం చూస్తారు. 1885లో పాశ్చర్ ఒక పిల్లాడికి మొదటిసారి ఆ టీకా వేసిన రోజది. మంచి ఏర్పాటే, కానీ మీ పిల్లకి మార్చిలో మూడు నెలలు నిండితే మార్చిలోనే వేయించండి.

మొదటి రాత్రి రెండింటికి లేచి ఏడ్చింది. పాప మంచం దిగి వెళ్ళి తువ్వాలు పక్కనే చాప వేసుకుని పడుకుంది. నేను లేపలేదు.

నిన్న చిన్నాన్న ఫోన్ చేశాడు. ఇరవై గోళ్ళదాన్ని బారువ నుంచి ఎవరో వచ్చి తీసుకెళ్ళారట, ఇంకోదాన్ని పిన్ని వాళ్ళ చెల్లెలు తీసుకుందట. ఒక ఆడపిల్ల మిగిలింది. నలుపు, ఛాతీ మీద తెల్ల చార, పద్దెనిమిది గోళ్ళు. బిందె పడినప్పుడు పిక్క తర్వాత రెండోదిగా బయటికి వచ్చింది అదే. తల్లిని చూపిస్తాం, పురుగుల మందు, మొదటి టీకా అయిపోయాయి. ఆపరేషన్ చేయిస్తానని మాటిచ్చేవాళ్ళెవరైనా ఉంటే నాకు చెప్పండి, నేనే వెంటబెట్టుకుని తీసుకెళ్తాను.