స్టెంట్ తర్వాత వచ్చిన జ్వరం

గుండెలో వేసిన స్టెంట్‌కి ఇన్‌ఫెక్షన్ పట్టిందని చెబితే ఇప్పటికీ చాలామంది నమ్మరు. పుండుకి చీము పడుతుంది గానీ, రక్తనాళం లోపల అంత చిన్న లోహపు జాలీకి ఎలా పడుతుందని అడుగుతారు. 1986లో మొదటిసారి మనిషి గుండెలో స్టెంట్ వేశారు. ఇప్పుడు ఏటా లక్షలాది మందికి వేస్తున్నారు. వాళ్లలో వెయ్యిమందికి ఒక్కరికి కూడా ఇలా జరగదట. ఆ ఒక్కరిని నేనయ్యాను.

గుండెపోటు వచ్చింది, తీసుకెళ్లారు, గజ్జలోంచి తీగ పంపి స్టెంట్ వేశారు. దాని గురించి ఇంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు. ఆ రోజు నన్ను బతికించిన డాక్టరుగారికి చేతులెత్తి మొక్కుతాను. ఒక్క సంగతి మాత్రం మర్చిపోలేను. గజ్జలో పెట్టిన గొట్టం తెల్లవారేదాకా తీయలేదు. అక్కడ రక్తం గడ్డకట్టి, నల్లగా వాచిపోయింది. గొట్టం ఎక్కువసేపు ఉంచినా, అదే చోట మళ్లీ మళ్లీ గుచ్చినా, అలా గడ్డకట్టినా చర్మం మీది క్రిములు లోపలికి పోయే అవకాశం పెరుగుతుందని తర్వాత సర్జన్ చెప్పారు. నా విషయంలో అలాగే జరిగిందని ఆయన ఖాయంగా అనలేదు.

ఇంటికొచ్చాక సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. తర్వాత చలి మొదలైంది. ఎన్ని దుప్పట్లు కప్పినా పళ్లు టకటకా కొట్టుకునేవి. మా అమ్మాయి పట్టుబట్టి మళ్లీ అదే ఆసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడున్న డ్యూటీ డాక్టరు నా వైపు సరిగా చూడను కూడా లేదు. "స్టెంట్‌కీ జ్వరానికీ సంబంధమేంటమ్మా? ఇది వైరల్. మీరే లేనిపోని టెన్షన్ పెట్టుకుంటున్నారు" అన్నాడు. రక్తపరీక్ష ఏదీ చేయకుండా యాంటీబయాటిక్ మాత్రలు రాసిచ్చాడు. జ్వరం కొంచెం దిగింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. మాత్రలు అయిపోగానే అంతకు రెట్టింపుగా వచ్చింది.

ఆ రాత్రి తలుచుకుంటే ఇప్పటికీ అరచేతులు చెమటలు పడతాయి. పడుకుంటే ఛాతీలో కత్తి దిగినట్టు నొప్పి. లేచి ముందుకు వంగితే కాస్త ఊపిరి ఆడేది. మళ్లీ గుండెపోటేమో అనుకున్నాను, కానీ మొదటి నొప్పి ఇలా లేదు. మా ఆయన నా వీపు నిమురుతూ కూర్చున్నారు. నలభై ఏళ్ల కాపురంలో ఆయన చేతులు వణకడం అప్పుడే చూశాను. అమ్మాయి చూస్తే జ్వరం 104. "అమ్మా, నాతో మాట్లాడుతూ ఉండు, కళ్లు మూయకు" అంటోంది. నాకేమో మాట నోట్లోంచి రావడం లేదు. మనవరాలిని ఒకసారి చూపించమని అడగాలనుకున్నాను. అడిగితే వాళ్లు భయపడతారని ఊరుకున్నాను. వెంకటేశ్వరస్వామిని మాత్రం లోపల పిలుస్తూనే ఉన్నాను.

ఈసారి వేరే ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్ నా కాగితాల్లో స్టెంట్ అన్న మాట చూడగానే ఆగింది. యాంటీబయాటిక్ ఎక్కించడానికి సిద్ధంగా ఉన్న జూనియర్ డాక్టరుతో, "ముందు కల్చర్‌కి రక్తం తీద్దాం సార్, రెండు చేతుల నుంచీ" అంది. కల్చర్ అంటే రక్తంలో ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్ష. మందు పడ్డాక తీస్తే క్రిమి దొరక్కపోవచ్చు. అంతకుముందు వేసుకున్న మాత్రలు చేసిన చెడు అదే. అయినా దొరికింది. రెండు చేతుల రక్తంలోనూ స్టెఫిలోకాకస్ ఆరియస్. స్టెంట్‌ని ఎక్కువగా పట్టేది అదేనట. సీటీ స్కాన్‌లో స్టెంట్ దగ్గర నాళం గోడ మెత్తబడి బుడగలా ఉబ్బింది. గుండె చుట్టూ నీరు చేరింది. ఆ బుడగ పగిలితే ఏమవుతుందో సర్జన్ మా ఆయనకి బయట చెప్పారట. నాకు చాలా రోజుల తర్వాతే తెలిసింది.

ఛాతీ తెరిచి, పాడైన భాగంతోపాటు స్టెంట్ తీసేసి, కాలి నరంతో బైపాస్ చేశారు. తర్వాత వారాల తరబడి నరంలోకి యాంటీబయాటిక్. విసుగు, నీరసం, ఏం తిన్నా చేదు.

చూడ్డానికి వచ్చినవాళ్లు కొందరు "కర్మ, అనుభవించక తప్పదు" అన్నారు. నాకు ఒళ్లు మండింది. దేవుడున్నాడని నమ్ముతాను, ఆ సిస్టర్ రూపంలో వచ్చాడనీ నమ్ముతాను. కానీ పరీక్ష చేయకుండా మాత్రలు రాయడం నా కర్మ ఎలా అవుతుంది? ఆ డ్యూటీ డాక్టరు మీద కోపం పోయిందనుకుంటాను. రాత్రి నిద్రపట్టనప్పుడు మళ్లీ వస్తుంది. అరుదైన జబ్బు తట్టకపోవడం తప్పు కాదు. మనిషి చెప్పేది వినకపోవడం తప్పు.

స్టెంట్ వేయించుకున్నవాళ్లకి, మరీ ముఖ్యంగా మొదటి కొన్ని వారాల్లో, చలితో జ్వరం వస్తే స్టెంట్ సంగతి చెప్పండి, యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందే బ్లడ్ కల్చర్ అడగండి. మామూలు జ్వరమే అయి ఉండవచ్చు, చాలాసార్లు అదే అవుతుంది. భయపడి రక్తం పలచబరిచే మాత్రలు మాత్రం సొంతంగా ఆపకండి. అవి ఆపితే స్టెంట్‌లో గడ్డకట్టే ప్రమాదం ఉంది.

మొదటి ఆసుపత్రి డిశ్చార్జ్ కాగితంలో ఉప్పు, నూనె, నడక గురించి ఉంది. జ్వరం వస్తే ఏం చేయాలో ఒక్క ముక్క లేదు. ఆ ముక్క చేర్చమని మా అమ్మాయి వాళ్లకి ఉత్తరం రాసింది. పరిశీలిస్తామని జవాబిచ్చారు. చేర్చేదాకా రాస్తూనే ఉంటామని మళ్లీ రాయించాను.