తొమ్మిదిన్నర గంట

మన హాస్టల్ గంట ఇత్తడిది కాదు. మెస్ ముందు వేపచెట్టు కొమ్మకు తీగతో వేలాడదీసిన అడుగున్నర రైలు పట్టా ముక్క. ఇనుప బోల్టుతో కొడితే ఆ మోత చివరి డార్మిటరీలో చివరి మంచం దాకా పోయేది. మన బడి పాత విద్యార్థుల కలయిక కోసం వేస్తున్న ఈ సంచికలో ఎవరు ఏం రాసినా, పొద్దున ఐదింటికి మనల్ని లేపిన ఆ గంట ప్రస్తావన రాక మానదు. ఆ గంటే మనల్ని మనుషుల్ని చేసిందని అంటారు. నాకు ఆ మాటతో చిన్న పేచీ ఉంది. ఆ పట్టా ముక్క రాత్రి తొమ్మిదిన్నరకు కూడా మోగేది, లైట్లు ఆర్పమని. మనల్ని పొద్దున లేపింది నిజానికి అదే.

లెక్క వేయండి. 9.30 నుంచి 5 దాకా ఏడున్నర గంటలు. పెద్దవాళ్లకు రోజుకు కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. బడి వదిలాక మనలో చాలామంది పొద్దుటి గంటను ఫోన్లో అలారంగా పెట్టుకున్నారు, రాత్రి గంటను బడిలోనే వదిలేశారు. పన్నెండింటికి పడుకుని ఐదింటికి లేస్తానంటే మూడు రోజులు సాగుతుంది. నాలుగో రోజు ముసుగుతన్ని పడుకుని, "నావల్ల కాదు, వయసైపోయింది" అంటారు. వయసు తప్పేం లేదు, రెండు గంటల బాకీ అది.

మన బడి చేసిన తప్పూ ఒకటుంది. పదో తరగతి పరీక్షల ముందు రాత్రి స్టడీ పదిన్నర దాకా, మళ్లీ నాలుగింటికే లేపడం. ఐదున్నర గంటలు! 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర అవసరం. పైగా ఆ వయసులో నిద్ర రావడమే ఆలస్యమవుతుంది, అది ఒంటి తీరు. నాలుగింటి స్టడీలో పుస్తకాల మీదికి వాలిన తలలు సోమరితనంతో వాలలేదు. చదివింది మెదడులో కుదురుకునేది కూడా నిద్రలోనే కాబట్టి, నిద్ర తగ్గించి చదివించిన ఆ రెండు గంటలు లాభమో నష్టమో ఎవరికి వారే చూసుకోవచ్చు.

ఐదింటికి లేవడం మళ్లీ అలవాటు చేసుకోవాలనుకునేవాళ్లు ముందు ఒంట్లోని గడియారం సంగతి తెలుసుకోవాలి. 2017లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి ఆ గడియారం నడిచే తీరును కనిపెట్టిన ముగ్గురికి వచ్చింది. చాలామందిలో దాని రోజు 24 గంటల కన్నా కొన్ని నిమిషాలు ఎక్కువ. దాని మానాన దాన్ని వదిలేస్తే నిద్ర రోజురోజుకూ వెనక్కి జరుగుతుంది. దాన్ని ముందుకు లాగేది పొద్దుటి వెలుతురు. వెలుతురును లక్సుల్లో కొలుస్తారు. ఇంట్లో ట్యూబ్‌లైటు కింద ఉండేది రెండు మూడు వందల లక్సులు. పొద్దు పొడిచిన అరగంటకు ఆరుబయట, మబ్బు పట్టినా, వెయ్యికి పైనే. మన పీటీలో పరుగు ఎంత పనిచేసిందో చెప్పలేను గానీ, గ్రౌండులో ఆకాశం కింద నిలబెట్టడం మాత్రం బాగా పనిచేసింది. ఇప్పుడు దానికి డాబా చాలు, ఇరవై ముప్పై నిమిషాలు. కిటికీ అద్దం వెనకాల కూర్చుంటే అంత వెలుతురు అందదు.

ఇక్కడే ఒక మెలిక. మామూలుగా లేచే వేళకు రెండు మూడు గంటల ముందు ఒంటి వేడి బాగా తగ్గుతుంది. ఆ వేళ దాటాక పడిన వెలుతురు గడియారాన్ని ముందుకు లాగుతుంది, దానికన్నా ముందు పడితే వెనక్కి తోస్తుంది. ఏడున్నరకు లేచే మనిషి ఒక్కసారిగా నాలుగింటికి లేచి, లైట్లన్నీ వేసుకుని, ఫోను మొహానికి పెట్టుకుంటే రాత్రి నిద్ర ఇంకా ఆలస్యంగా వస్తుంది. కొత్త సంవత్సరం తీర్మానాలు జనవరి 4 కల్లా మూలపడేది ఇందుకే.

కాబట్టి పదిహేను నిమిషాల చొప్పున జరపండి. మూడు రోజులకు ఒక మెట్టు. ఏడింటి నుంచి ఐదింటికి రావాలంటే ఎనిమిది మెట్లు, ఇరవైనాలుగు రోజులు. పడుకునే వేళను కూడా అంతే జరపాలి. నిద్ర పట్టడానికి ఇరవై నిమిషాలు వేసుకుంటే, ఐదింటికి లేవాలన్నవాళ్లు 9.10కి మంచం ఎక్కాలి. మధ్యాహ్నం కునికిపాట్లు వస్తే మూడింటిలోపు ఇరవై నిమిషాల కునుకు తీయండి. గంటసేపు పడుకుంటే లేచేసరికి తల దిమ్ముగా ఉంటుంది, రాత్రి నిద్రకూ గండి పడుతుంది.

నాలుగింటికే లేవాలని పట్టుదల ఉన్నవాళ్లు బ్రాహ్మీ ముహూర్తం పేరు చెబుతారు. అది గడియారంలో నాలుగు అంకె కాదండీ. సూర్యోదయానికి నాలుగు ఘడియల ముందు, అంటే 96 నిమిషాల ముందు మొదలై, 48 నిమిషాలు ఉంటుంది. హైదరాబాదులో జూన్ మొదట్లో 5.40 ప్రాంతంలో తెల్లవారుతుంది కాబట్టి ముహూర్తం 4.04కి. జనవరిలో సూర్యోదయం 6.48 కాబట్టి 5.12కి. చలికాలంలో ఐదింటికి లేచినా మీరు పన్నెండు నిమిషాలు ముందే ఉన్నారు.

ఇక సాయంత్రం జాగ్రత్తలు. తాగిన కాఫీలోని కెఫీన్ సగం ఐదారు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. సాయంత్రం ఐదింటి కాఫీ రాత్రి పదింటికి అరకప్పు తాగినట్టే. ఆఖరి కప్పు మధ్యాహ్నం రెండింటికి ముగించండి. అన్నం ఏడున్నరకల్లా తినేయాలి. ఎనిమిది తర్వాత నీళ్లు తగ్గించాలి, లేకపోతే రెండింటికే లేస్తారు. పడుకోవడానికి గంటన్నర ముందు గోరువెచ్చని నీళ్లతో స్నానం చేస్తే చర్మంలోంచి వేడి బయటికి పోయి నిద్ర త్వరగా పడుతుంది. ఫోను హాల్లో చార్జింగుకు పెట్టి, మంచానికి ఏడెనిమిది అడుగుల దూరంలో మామూలు అలారం గడియారం పెట్టుకోండి. దాన్ని ఆపడానికి నిలబడాల్సిందే. అలారాన్ని పది నిమిషాలకోసారి వాయిదా వేసేవాళ్లకు దక్కేది నిద్ర కాదు, ముక్కలైన మగత. లేచాక పదిహేను ఇరవై నిమిషాలు ఎవరికైనా నిద్రమబ్బు ఉంటుంది. ఆ కాసేపట్లో ఏ నిర్ణయమూ తీసుకోవద్దు, ముఖ్యంగా మళ్లీ పడుకోవాలన్నది.

హాస్టల్లో రాత్రే ట్రంకు పెట్టె మీద గ్లాసు, పళ్లపొడి, తువ్వాలు, వాటి పక్కన మడిచిన పీటీ నిక్కరు పెట్టించేవారు. చీకట్లో చెయ్యి చాపితే అందేలా. చాదస్తం అనుకున్నాం గానీ, సగం నిద్రలో ఉన్న బుర్రకు వెతికే పని పెట్టకూడదన్నదే దాని కిటుకు. ఇప్పుడు దానికి సరిసాటి, చదవాల్సిన పుస్తకాన్ని చదవాల్సిన పేజీ దగ్గర తెరిచి బల్లమీద పెట్టి పడుకోవడం. పని తేల్చుకోకుండా లేస్తే పొద్దున దొరికిన సమయమంతా వాట్సాప్‌లో శుభోదయం పూలకే పోతుంది.

ఆదివారం గురించి ఒక్క మాట. అరగంట ఆలస్యం ఫరవాలేదు. తొమ్మిది దాకా పడుకుంటే సోమవారం మళ్లీ రెండో మెట్టు నుంచి ఎక్కాలి.

అమెరికా వాళ్లతో పనిచేసేవాళ్లకు ఈ ఐదింటి లెక్క వర్తించదు. న్యూయార్కులో పొద్దున 11 గంటల మీటింగు మనకు ఎండాకాలంలో రాత్రి 8.30, నవంబరులో వాళ్ల గడియారాలు మారాక 9.30. అది ముగిసి, వెలుగుతున్న స్క్రీను కళ్లలోంచి పోయేసరికి పదకొండు. వాళ్లకు ఆరున్నరే తెల్లవారుజాము. నైట్ షిఫ్టు వాళ్లు, చంటిపిల్లల తల్లులు అసలు ఈ జోలికి రావద్దు. లండన్‌లో ఉన్న మనవాళ్లకు డిసెంబరు చివర్లో ఎనిమిది దాటితే గానీ పొద్దు పొడవదు. వాళ్లు పదివేల లక్సుల దీపం కొనుక్కుని, చెయ్యి చాచినంత దూరంలో అరగంట పెట్టుకోవచ్చు. కంటి జబ్బు ఉంటే డాక్టరును అడిగాకే. ఎనిమిది గంటలు పడుకున్నా లేవలేకపోతూ, గురక కూడా ఉంటే, ఆ సంగతీ డాక్టరుకే చెప్పాలి.

చివరగా కమిటీ వారికి ఒక మనవి. కలయిక కార్యక్రమ పత్రంలో మొదటి రోజు రాత్రి పదకొండు దాకా పాటలు, స్కిట్లు అని వేశారు. రెండో రోజు పొద్దున 5.30కి గ్రౌండులో పాత పద్ధతిలో పీటీ అని వేశారు. రెండింట్లో ఒకటి తీసేయండి. లేదా పట్టా ముక్క ఇంకా ఆ కొమ్మకే ఉంటే, తొమ్మిదిన్నరకు ఎవరినైనా పంపి కొట్టించండి.