కాపీరైట్ పేజీ

ఆదివారం. తెల్లారినప్పటి నుంచి ముసురు పడుతూనే ఉంది. చదువుకోవడానికి ఇంతకంటే మంచి రోజు దొరకదు.

బల్ల మీద నాలుగైదు పుస్తకాలున్నాయి. పశ్చిమాఫ్రికా రచయితల పుస్తకం ఏది తీసినా నేను ముందు చూసేది కాపీరైట్ పేజీ. మొదట ఏ ఊళ్లో అచ్చయింది, ఏ సంవత్సరం, పక్కన ఇంకో ప్రచురణకర్త పేరుందా, అనువాదమైతే ఏ భాష నుంచి? ఈ నాలుగూ చూసుకుంటే ఆ రచయిత ఏ దారిన నడిచి వచ్చాడో సగం తెలిసిపోతుంది. అక్కడ పుస్తకం రాయడం ఒక ఎత్తు, ఆ పుస్తకం రాసినవాళ్ల సొంత ఊరి దుకాణంలో దొరకడం ఇంకో ఎత్తు. రెండోదే కష్టం.

హెలోన్ హబీలా నవల 'వెయిటింగ్ ఫర్ ఆన్ ఏంజెల్' మీద 2002 అని ఉంటుంది, లండన్, న్యూయార్క్‌ల పేర్లుంటాయి. అసలు మొదలు అక్కడ కాదు. హబీలా 1967లో ఉత్తర నైజీరియాలోని కల్తుంగోలో పుట్టాడు. బౌచి పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి, తర్వాత లాగోస్ చేరి 'హింట్స్' అనే ప్రేమకథల పత్రికలో పనిచేశాడు. సైనిక నియంత సాని అబాచా చనిపోయింది 1998లో. పౌర ప్రభుత్వం వచ్చింది 1999 మే 29న. ఆ మధ్యకాలంలో నైజీరియాలో కొత్త రచయిత పుస్తకం వేసే సంస్థ దాదాపు లేదు. హబీలా 2000లో తన కథల్ని 'ప్రిజన్ స్టోరీస్' పేరుతో తనే అచ్చేసుకున్నాడు. అందులోని 'లవ్ పోయెమ్స్' కథకి 2001లో, ఆఫ్రికా రచయితల కథలకి బ్రిటన్‌లో ఇచ్చే కేన్ బహుమతి వచ్చింది. ఆ సంపుటమే పెరిగి నవలయింది, బయటి దేశాల ప్రచురణకర్తలు తీసుకున్నారు. తర్వాత ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయంలో ఫెలోషిప్, ఆపైన అమెరికాలో జార్జ్ మేసన్‌లో అధ్యాపక ఉద్యోగం.

'లవ్ పోయెమ్స్' మళ్లీ చదివాను. లోంబా అనే విలేఖరి విచారణ లేకుండా జైల్లో ఉంటాడు. దొంగచాటుగా రాసుకున్న కాగితాలు జైలు అధికారికి దొరుకుతాయి. రాసినందుకు శిక్ష వేశాక ఆ అధికారే ఒక పని అప్పజెబుతాడు: తను మనసుపడ్డ టీచరమ్మకి ఇవ్వడానికి ప్రేమ కవితలు రాసిపెట్టాలి. లోంబా రాసిస్తాడు, వాటిలోనే తను బందీనన్న సంగతి కూడా దాచి పంపుతాడు. ప్రేమకథల పత్రికలో పనిచేసిన చేతికే ఈ ఊహ తట్టిందని నా నమ్మకం. పొట్టకూటి రాత కూడా వృథా పోలేదు.

మన దగ్గరా సొంత ఖర్చుతో ఐదొందల కాపీలు వేసుకుని ఇంట్లో అట్టపెట్టెల్లో పెట్టుకునే రచయితలు ఎందరో ఉన్నారు. తేడా ఏమిటంటే, హబీలా రాసింది ఇంగ్లీషులో. బ్రిటన్‌లో న్యాయనిర్ణేతలకి అనువాదం అక్కర్లేకపోయింది.

మధ్యాహ్నం నైజీరియా రచయిత్రి చిమమాండ అడీచీ పుస్తకాల దగ్గర ఎక్కువసేపు ఆగిపోయాను. 1977లో ఎనుగులో పుట్టింది, న్సుక్కా విశ్వవిద్యాలయం ఆవరణలో పెరిగింది. తండ్రి స్టాటిస్టిక్స్ ప్రొఫెసర్. ఏడాదిన్నర వైద్యవిద్య చదివి, 19 ఏళ్లకి అమెరికా వెళ్లింది. 'పర్పుల్ హిబిస్కస్' 2003లో అమెరికాలో వచ్చింది. ఇక్కడిదాకా అందరికీ తెలిసిందే. నాకు అంతకంటే ముఖ్యమనిపించేది 2004. ముహ్తార్ బకారె అనే ఆయన బ్యాంకు ఉద్యోగం వదిలి లాగోస్‌లో 'ఫరాఫినా' ప్రచురణలు మొదలుపెట్టి, ఆ నవలని నైజీరియాలో నైజీరియా ధరకి అచ్చేశాడు. 2006లో అబూజాలో కసావా రిపబ్లిక్ అనే ప్రచురణ సంస్థ వచ్చింది. టేజు కోల్ మొదటి పుస్తకం 2007లో వేసింది వాళ్లే. అమెరికా ముద్రణ వచ్చింది 2014లో. ఈ రెండు సంస్థలూ లేకపోతే ఆ తరం రచయితల పేర్లు వాళ్ల దేశంలో వార్తగా మాత్రమే మిగిలేవి.

ఇందులో కీలకం హక్కుల పంపకం. లండన్ ప్రచురణకర్త ఒక నవల కొనేటప్పుడు ఒప్పందంలో 'బ్రిటన్, కామన్వెల్త్' అని రాస్తాడు. నైజీరియా, ఘనా, సియెరా లియోన్, గాంబియా అన్నీ ఆ ఒక్క మాటలో కొట్టుకుపోతాయి. సంతకం చేసే తొందరలో కొత్త రచయిత అది చూసుకోకపోతే, తర్వాత లాగోస్‌లో ఎవరు అచ్చేయాలన్నా లండన్ అనుమతి కావాలి. రుసుము కట్టాలి, నెలల తరబడి ఉత్తరాలు నడపాలి. తెలిసిన ఏజెంటైతే మొదటే నైజీరియా హక్కుల్నో, మొత్తం పశ్చిమాఫ్రికా హక్కుల్నో విడిగా తీసి రచయిత చేతిలో పెడతాడు. ఆ ఒక్క వాక్యం కోసం మిగతా బేరంలో కొంచెం తగ్గినా నష్టం లేదు.

డబ్బు లెక్క కూడా బయటికి కనిపించినంత తియ్యగా ఉండదు. పదివేల పౌండ్ల అడ్వాన్స్ అనుకుందాం. ఏజెంటుకి 15 శాతం పోతే 8,500. అది సంతకం చేసినప్పుడు, రాతప్రతి అందించినప్పుడు, పుస్తకం వచ్చినప్పుడు, మూడు ముక్కలుగా వస్తుంది. ముక్కకి 2,833. సంతకానికీ విడుదలకీ మధ్య ఏడాదిన్నర, రెండేళ్లు. ఆ అడ్వాన్స్ తీరేదాకా రాయల్టీ ఒక్క పైసా రాదు. అందుకే చాలామంది విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెబుతారు. ఆకురేలో పుట్టిన చిగోజీ ఒబియోమా మొదటి రెండు నవలలూ బుకర్ తుది జాబితాకి చేరాయి. ఆయన కూడా నెబ్రాస్కాలో పాఠాలు చెప్పాడు.

పాఠకుడి వైపు లెక్క ఇంకా కఠినం. 2023 జూన్‌లో నైజీరియా డబ్బు నైరాని మార్కెట్‌కి వదిలేశాక దాని విలువ కూలిపోయింది. డాలరుకి 460 చొప్పున ఉన్నది 2024 మొదట్లో 1,500 దాకా వెళ్లింది. 9.99 పౌండ్ల లండన్ పేపర్‌బ్యాక్ అప్పటికి సుమారు 19 వేల నైరాలు. ఆనాటి కనీస నెల వేతనం 30 వేలు. నెల జీతంలో మూడింట రెండు వంతులు పోసి నవల ఎవరు కొంటారు? దేశంలోనే అచ్చేద్దామంటే కాగితం దిగుమతి చేసుకోవాలి. జెబ్బా, ఇవోపిన్, ఓకు ఇబోకు కాగితం మిల్లులు ఎప్పుడో చతికిలబడ్డాయి.

ఈ సందులోనే దొంగ ముద్రణలు దూరాయి. లాగోస్ ట్రాఫిక్‌లో కార్ల మధ్య అట్టల దొంతర ఎత్తుకుని అమ్మేవాళ్ల దగ్గర పేరున్న నవలలన్నీ దొరుకుతాయి. చేతిలోకి తీసుకుంటే తెలిసిపోతుంది. అట్ట మీద రంగు ఒక పిసరు పక్కకి జరిగి ఉంటుంది, కాగితం వెనక పేజీ అక్షరాలు ముందుకి కనిపిస్తాయి, రెండోసారి తెరిచేసరికి జిగురు వదిలి మధ్యలో పదహారు పేజీలు ఊడి వస్తాయి. స్కాన్ చేసి వేసింది కాబట్టి అక్షరాల అంచులు ఉబ్బి ఉంటాయి. కొన్నవాళ్లని తప్పుపట్టలేను. రాసినవాళ్లకి మాత్రం ఏమీ దక్కదు, పుస్తకం బాగా ఆడుతున్నకొద్దీ దోపిడీ పెరుగుతుంది. ఈ-పుస్తకాలే మందు అనుకుని 2013లో మొదలైన ఓకాడాబుక్స్ పదేళ్లు నడిచి 2023 నవంబర్‌లో మూతపడింది. ఓకాడా అంటే అక్కడ అద్దె మోటార్‌సైకిల్, ఇరుకు సందుల్లో కూడా దూరిపోయేది. ఆ పేరంటే నాకు ఇష్టం, అది ఆగిపోవడం ఇప్పటికీ బాధే.

బహుమతుల గురించి రెండు ముక్కలు, కొత్తగా రాసేవాళ్లకి పనికొస్తాయి. కేన్ బహుమతికి కథ ముందే అచ్చయి ఉండాలి, ఇంగ్లీషులో 3,000 నుంచి 10,000 మాటలు, పంపాల్సింది ప్రచురణకర్త. కామన్వెల్త్ కథల పోటీ సరిగ్గా తిరగేసి ఉంటుంది: కథ ఎక్కడా అచ్చయి ఉండకూడదు, 2,000 నుంచి 5,000 మాటలు, రచయితే ఉచితంగా పంపుకోవచ్చు. కథ ఒకసారి ఏ పత్రికలోనైనా అచ్చయిందంటే రెండో దానికి అర్హత పోతుంది. ఏ కథ ఎటు వెళ్లాలో ముందే తేల్చుకోవాలి.

దేశం లోపల పెద్దది నైజీరియా సాహిత్య బహుమతి. 2004లో ఎల్‌ఎన్‌జీ గ్యాస్ కంపెనీ మొదలుపెట్టింది, 2011 నుంచి లక్ష డాలర్లు. నవల, కవిత్వం, నాటకం, బాలసాహిత్యం వంతులవారీగా వస్తాయి, అంటే నవలాకారుడికి నాలుగేళ్లకో అవకాశం. నచ్చకపోతే ఎవరికీ ఇవ్వరు కూడా. 2015లో బాలసాహిత్యానికి అలాగే ఇవ్వలేదు. 2016లో అబూబకర్ ఆడం ఇబ్రహీంకి వచ్చింది. ఆయన జోస్‌లో పుట్టాడు, అప్పటికి అబూజాలో డైలీ ట్రస్ట్ పత్రిక విలేఖరి. 55 ఏళ్ల ముస్లిం వితంతువుకీ పాతికేళ్ల గంజాయి వ్యాపారికీ మధ్య బంధం, బహుమతి వచ్చిన ఆ నవల కథ. దేశం విడిచి వెళ్లకుండా, పత్రికలో పనిచేస్తూ, ఇంత సున్నితమైన విషయం ఇంత నిబ్బరంగా రాసినందుకు ఆయనంటే నాకు ప్రత్యేకమైన గౌరవం.

ఫ్రెంచి వైపు దారి వేరు. మొహమ్మద్ ఎంబుగార్ సార్ 1990లో సెనెగల్ రాజధాని డాకర్‌లో పుట్టాడు, 31 ఏళ్లకి ఫ్రాన్స్‌లో అందరికంటే పేరున్న సాహిత్య బహుమతి గోంకూర్ తెచ్చుకున్నాడు. సహారాకి దిగువనున్న ఆఫ్రికా నుంచి ఆ బహుమతి అందుకున్న మొదటి రచయిత. చెక్కు మీద పది యూరోలే ఉంటాయి, అమ్మకాలు మాత్రం లక్షల్లోకి వెళతాయి. నాకు ఆనందం కలిగించింది అట్ట మీదున్న రెండు పేర్లు: పారిస్‌లో ఫిలిప్ రే, డాకర్‌లో జిమ్‌సాన్. సహప్రచురణ కాబట్టి సొంత ఊరి పేరు చివరిదాకా పుస్తకంతోనే ఉంది. ఆ నవలని ఆయన మాలి రచయిత యాంబో వోలోగెమ్‌కి అంకితమిచ్చాడు. వోలోగెమ్‌కి 1968లో రెనొదో బహుమతి ఇచ్చి నెత్తిన పెట్టుకున్న పారిస్, నాలుగేళ్లు తిరక్కుండానే గ్రంథచౌర్యమంటూ కిందికి తోసేసింది. ఆయన మాలి తిరిగొచ్చి సెవారేలో మౌనంగా బతికి 2017లో పోయాడు. సార్‌కి దెబ్బ ఇంటివైపు నుంచి తగిలింది. గోంకూర్ సంబరం ముగియకముందే, స్వలింగ సంపర్కుల మీద ద్వేషం గురించి 2018లో రాసిన నవలని పట్టుకుని సెనెగల్‌లో కొందరు విరుచుకుపడ్డారు.

సాయంత్రానికి వాన తగ్గింది. సెనెగల్ రచయిత బుబకర్ బోరిస్ డియోప్ గురించి రాయకుండా ఈ రోజు ముగించలేను. ఇరవై ఏళ్లు ఫ్రెంచిలో నవలలు రాసిన మనిషి. 1998లో తోటి రచయితలతో రువాండా వెళ్లి, జాతిహత్య జరిగిన ఊళ్లు చూసి, 2000లో 'మురాంబి' రాశాడు. 2003లో వచ్చిన తర్వాతి నవల 'డోమి గోలో' మాత్రం సొంత భాష వోలోఫ్‌లో. కోతి పిల్లలు అని అర్థం. మనకి ఈ నిర్ణయం వినగానే కెన్యా రచయిత గూగీ గుర్తొస్తాడు, ఆయన తన మాతృభాష గికూయులో రాసిన నవలని వరవరరావు జైల్లో ఉండి తెలుగు చేశారు కదా. కానీ డియోప్ ఎదుర్కొన్న చిక్కు వేరే. సెనెగల్‌లో దాదాపు అందరూ వోలోఫ్ మాట్లాడతారు, బడి మాత్రం ఫ్రెంచిలో. అందుకే పొద్దస్తమానం వోలోఫ్‌లో మాట్లాడే పట్టభద్రుడు కూడా వోలోఫ్ పేజీ ముందు తడబడతాడు.

చేపలతో వండే వాళ్ల అన్నమే చూడండి, చెబుజెన్. 1971 నాటి ప్రభుత్వ రోమన్ లిపి ప్రకారం 'చ' శబ్దానికి 'సి' అన్న ఒక్క అక్షరం చాలు. హోటల్ బోర్డు మీద మాత్రం ఫ్రెంచి పద్ధతిలో టి, హెచ్, ఐ అని మూడక్షరాలతో మొదలవుతుంది. రోజూ తినే అన్నం పేరే సరైన లిపిలో రాస్తే గుర్తుపట్టలేని పరిస్థితి. గొంతు వెనక నుంచి వచ్చే 'ఖ'కి ఎక్స్ రాయాలి, 'ఞ'కి ఎన్ మీద అలలాంటి గీత, 'ఙ'కి తోకున్న ఎన్. పాఠకుడు పైకి గట్టిగా చదువుకుంటే పది పేజీల్లో అలవాటైపోతుంది, ఎందుకంటే చెవికి అది ముందే తెలిసిన భాష. డియోప్ ఆ నవలని తనే ఫ్రెంచిలోకి తెచ్చాడు (2009), జాతీయ భాషల కోసం ఎజో అనే ప్రచురణ సంస్థ పెట్టాడు, 2002లో మునిగిన సెనెగల్ ఓడ జూలా మీద 2017లో మళ్లీ వోలోఫ్‌లోనే నవల రాశాడు. 2022లో అమెరికాలో ఇచ్చే అంతర్జాతీయ సాహిత్య బహుమతి న్యూస్టాట్ ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది.

చివరి పుస్తకం, కాపీరైట్ పేజీలో చెన్నై ఉన్నది. బలరాబా రామత్ యాకుబు ఉత్తర నైజీరియా భాష హౌసాలో రాసిన నవల 'అల్‌హకి కుయ్‌కుయో నే', అలియు కమాల్ ఇంగ్లీషు అనువాదం, 2012, బ్లాఫ్ట్ ప్రచురణ. ఉత్తర నైజీరియాలోని కానో బజారులో అమ్మే పలచటి ప్రేమనవలల కోవలోది, 'లిట్టట్టాఫాన్ సోయయ్య' అంటారు వాటిని. రాసేది ఎక్కువగా ఆడవాళ్లు. ముద్రణ ఖర్చు రచయితదే. కథని ఒకటి, రెండు, మూడు భాగాలుగా కోసి, మొదటిది అమ్ముడైతే ఆ డబ్బుతో రెండోది వేస్తారు. అందుకే ప్రతి భాగమూ ఊపిరి బిగపట్టే చోట ఆగుతుంది. వీక్లీ సీరియళ్లూ అద్దె లైబ్రరీలూ తెలిసిన తెలుగువాళ్లకి దీన్ని వివరించనక్కర్లేదు. 2007లో కానోలో ఒక ఆడపిల్లల బడిలో ఇలాంటి పుస్తకాలు కుప్పపోసి తగలబెట్టారు. అయినా రాయడం ఆగలేదు. రేడియోలో చదివారు, తర్వాత వాట్సాప్‌లోకి తీసుకెళ్లారు.

బలరాబాకి పదమూడేళ్లయినా నిండకుండా పెళ్లయింది. వయోజన విద్య తరగతుల్లో చదువుకుంది. తమిళ పల్ప్ కథల్ని ఇంగ్లీషులోకి తెచ్చిన చెన్నై సంస్థకే ఈ హౌసా నవల విలువ తెలియడం నాకు సంతోషంగా ఉంది. ఆ నవలలో రబీ అనే ఆమెని భర్త తొమ్మిదిమంది పిల్లలతో సహా వెళ్లగొట్టాడు. ఆమె వండిన తిండి అమ్మి పిల్లల్ని సాకడం మొదలుపెట్టిన చోట గుర్తు పెట్టి ఉంది. అన్నం తిన్నాక అక్కడి నుంచి చదవాలి.